మిక్సింగ్‌లో తీసేసినవాళ్ళు

2024 జూలై 18, గురువారం. ఉదయం పదకొండూ పదికి కొత్త కంప్యూటర్ కేబినెట్ పక్క తలుపు విప్పాను. పాత కేబినెట్‌లో ఉన్న మూడు హార్డ్‌డిస్కులు దీనిలోకి మార్చాలి. పాతదాన్ని నాలుగింటికి ఎక్స్ఛేంజి షాపువాళ్ళు వచ్చి పట్టుకెళ్తారు. నిన్న వచ్చి వెళ్ళిన లావణ్య మూడింటికి మళ్ళీ వస్తుంది.

ఆ మూడు డిస్కులూ పాడైపోయాయని మా ఆయన సత్యప్రసాద్ గారు అనుకుంటున్నారు. ఆ మాట చెప్పింది నేనే. 2012లో ఒకటి పోయిందన్నాను, 2016లో ఇంకొకటి, 2020లో మూడోది. పోయినవాటిని విప్పి పారేద్దామా అని అడిగితే, "ఎందుకు తులసీ, ఉన్నచోట ఉండనీ, కొత్తది పక్కన బిగించు" అన్నారు. వాటి తీగలు నేను పీకేశాను. డిస్కులు కంప్యూటర్‌లోనే ఉన్నాయి, కంప్యూటర్‌కి కనపడవు. ఒక్కటి కూడా పోలేదు.

మాది మండపేటలో ఫొటో స్టూడియో. కింద ఎరువుల కొట్టు, పైన మేము. ముందు గదిలో ఫొటోలు తీస్తారు, వెనక గదిలో మిక్సింగ్, ఆ వెనక మా కాపురం. స్టూడియో పేరు సంపూర్ణ డిజిటల్స్. సంపూర్ణమ్మ మా అత్తగారు. పెళ్ళికి వెళ్ళి వీడియో తీసేది ఆయన. తెచ్చినదంతా చూసి, అక్కర్లేనిది కోసి, మిగిలింది వరస పెట్టి, పాటలు వేసి మూడు గంటల పెళ్ళిగా చేసేది నేను. దాన్నే మిక్సింగ్ అంటారు. ఒక పెళ్ళికి పాతిక నుంచి ముప్ఫై గంటలు పడుతుంది. ఈ ఇరవై ఏళ్ళలో ఎనిమిది వందల పెళ్ళిళ్ళు దాటాయి. ప్రతి వీడియో చివరా 'మిక్సింగ్: సత్యప్రసాద్' అని పడుతుంది. ఆ అక్షరాలు టైపు చేసేదీ నేనే.

ఎవరైనా అడిగితే, "మా ఆవిడ ఖాళీగా ఉన్నప్పుడు కూర్చుంటదండి" అంటారు ఆయన. ఆ ఖాళీ ఆయన ఎక్కడ చూశారో నాకు తెలియదు. టేపుల రోజుల్లో గంట టేపు కంప్యూటర్‌లోకి ఎక్కడానికి గంట పట్టేది. టేపు పెట్టి కుక్కరు పెట్టేదాన్ని. పప్పు ఉడికేసరికి పెళ్ళికొడుకు విడిదిలోకి వచ్చేవాడు. చారు కాగేసరికి స్నాతకం. పాప పుట్టాక దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఎడమచేత్తో మౌస్ పట్టడం నేర్చుకున్నాను. ఇప్పటికీ నా మౌస్ ఎడమవైపే ఉంటుంది. ఆయన కూర్చుంటే కుడివైపుకి మార్చి, లేచేటప్పుడు అక్కడే వదిలేసి వెళ్తారు.

ఆషాఢంలో ముహూర్తాలుండవు. అందుకని మా స్టూడియోలో అది చెరిపే నెల. అంతకు ముందు ఏడాదిలో తీసిన పెళ్ళిళ్ళ ముడి వీడియో మొత్తం చెరిపేసి, శ్రావణానికి డిస్కు ఖాళీ చేసి ఉంచాలి. "పార్టీకి డీవీడీ ఇచ్చేశాక మిగిలింది చెత్తే" అనేవారు ఆయన. ఏది చెత్తో నాకు మొదటి పాఠంగా చెప్పింది కూడా ఆయనే. 2004లో. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వేళ్ళు మడిచారు. నమిలే నోళ్ళు తీసెయ్. ఆవలింతలు తీసెయ్. విప్పిన చెప్పులు, వంటవాళ్ళు, కెమెరా ముందు గెంతే పిల్లలు తీసెయ్. బొటనవేలు మడుస్తూ, "ముహూర్తం దగ్గర బొట్టు లేనివాళ్ళు పడితే చూసుకుని తీసెయ్. పార్టీలు ఊరుకోరు" అన్నారు.

వంటింట్లోంచి అత్తయ్యగారు అందుకున్నారు. "పుణ్యస్త్రీలు నలుగురు కళకళలాడుతూ కనపడాలమ్మా. అది పెళ్ళి వీడియో. తద్దినం వీడియో కాదు."

మా నాన్న నా తొమ్మిదో ఏట పోయారు. అది అత్తయ్యగారికి తెలుసు.

నేను చెప్పినట్టే తీసేశాను. తీసేసిన ముక్కల్ని మాత్రం చెరపలేదు. ఒక ఫోల్డరులో వేసి దానికి 'బ్లాంక్' అని పేరు పెట్టాను. ఆ పేరున్నదాన్ని ఎవరూ తెరవరు. మొదటి ఏడాది నలభై పెళ్ళిళ్ళ ముక్కలు చేరాయి. ఆ తర్వాత అలవాటైంది.

ఎందుకు ఉంచానంటే అమ్మ చూసేది. అమ్మ కడియం నర్సరీల్లో మొక్కలకి అంట్లు కట్టేది. రెండు వారాలకో ఆదివారం బస్సెక్కి వచ్చేది. చేతులకి మట్టి పోయినా జీడి మరకలు పోయేవి కావు. మిక్సింగ్ గదిలో మూలనున్న స్టూలు మీద కూర్చుని, కొంగు ఒళ్ళో పెట్టుకుని ఎవరెవరివో పెళ్ళిళ్ళు చూసేది. "ఇదెవరి పెళ్ళే?" "మాచవరం వాళ్ళది." "పిల్ల బావుంది. పెళ్ళికొడుకే కాస్త మాగినట్టున్నాడు." నేను ఒక షాటు కోసి ఇంకో షాటు పక్కన చేరిస్తే, "మా అంటు కట్టినట్టే ఉందే. కోత ఏటవాలుగా ఉండాలి, లేకపోతే పట్టదు" అనేది. పాట వేస్తే మొహం చిట్లించేది. "పాటెందుకే, మాటలు వినపడనీ."

ఒకసారి తీసేసిన ముక్కలు వేసి చూపించాను. వంటపాకలో ఇద్దరు వంకాయలు కోస్తూ కొట్టుకుంటున్నారు. ఒకావిడ అరుగు మీద కూర్చుని కాళ్ళు పిసుక్కుంటోంది. తెల్లచీర ముసలావిడ స్తంభం పక్క నుంచి తొంగి చూసి, కెమెరా తిరగ్గానే లోపలికి జరిగింది. అమ్మ ఆ ముసలావిణ్ణి మళ్ళీ వెయ్యమంది. మూడుసార్లు చూసింది.

"ఇవే బాగున్నాయే. ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు" అంది.

"మా పెళ్ళికి నువ్వెక్కడున్నావే అమ్మా?" అన్నాను. మా పెళ్ళి క్యాసెట్‌లో అమ్మ లేదు. మూడు గంటల రెండు నిమిషాల్లో ఒక్కచోట కూడా లేదు.

"నీ వెనకాలే. జనం అడ్డం కదా, నీ జడ కనపడింది. ముహూర్తం వేళకి జడ చూశాను, చాలదా?"

అమ్మ 2009 ఆగస్టులో పోయింది. అప్పటికి మా ఇంట్లో మూడు కెమెరాలున్నాయి. అమ్మని తీయాలని నాకెప్పుడూ తోచలేదు. వచ్చేది, కూర్చునేది, ఆఖరి బస్సుకి ముందు బస్సుకి వెళ్ళేది. ఉన్నది ఒక్క పాస్‌పోర్టు సైజు ఫొటో. పింఛను కాగితాలకని మా ముందు గదిలోనే తీయించుకుంది.

లావణ్య బుధవారం మధ్యాహ్నం వచ్చింది. ద్వారపూడి అమ్మాయి. 2010 ఫిబ్రవరిలో పెళ్ళయింది, వీడియో మాదే. పెద్దకూతురికి పదమూడో ఏడు. శ్రావణంలో ఓణీల ఫంక్షన్ చేస్తోంది. డ్రోన్ ఉంటుందా, ఎల్ఈడీ తెర ఎంత పెద్దది, ఇలాంటివన్నీ ఆయనతో మాట్లాడాక, లేవబోయి మళ్ళీ కూర్చుంది.

"అన్నయ్యగారూ, మా పెళ్ళి వీడియోలో మా అమ్మ ఎక్కడైనా ఉందేమో చూడగలరా? ఫంక్షన్‌కి తెర మీద వేద్దామని. అమ్మ పోయి పన్నెండేళ్ళయింది. నా కూతుర్ని ఏడాది పిల్లగా చూసింది, దానికేమో అమ్మమ్మ మొహం తెలీదు. ఆధార్ కార్డు ఫొటో ఒక్కటే ఉందండి. అందులో అమ్మ అమ్మలా లేదు."

"వీడియోలో లేరా అమ్మా?"

"లేదండి. నాన్న లేరు కదా. పీటల మీద బాబాయి, పిన్ని కూర్చున్నారు. అమ్మ వెనకెక్కడో ఉంది. డీవీడీ అరిగిపోయేలా చూశాను."

"పద్నాలుగేళ్ళ కిందటిదమ్మా. ముడి వీడియో ఆ ఏడే చెరిపేస్తాం. లేదమ్మా, ఏమీ అనుకోకు" అన్నారు ఆయన. నేను టీ కప్పులు తీస్తున్నాను.

మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటున్న లావణ్యతో, "రేపు మూడింటికి ఒకసారి రా అమ్మా. ఖాయంగా చెప్పలేను" అన్నాను. తలూపి దిగిపోయింది.

ఆమె తల్లి పేరు వీరవేణి. ఆవిడ మొదటి డిస్కులో ఉంది. ఆ డిస్కుకి తీగ పీకి పన్నెండేళ్ళయింది.

కొత్త కేబినెట్‌లో డిస్కులకి రెండే అరలున్నాయి. పాతదాంట్లో ఆరుండేవి. మూడో డిస్కుని అడుగున రేకు మీద పెట్టాలి. రేకు మీద ఊరికే పెడితే అదురుతుంది. అరిగిపోయిన హవాయి చెప్పు అడుగు నాలుగు ముక్కలు కోసి నాలుగు మూలలా అంటించాను. మరలు ఇంగువ డబ్బాలో దాస్తాను. హార్డ్‌డిస్కు మర లావు, మదర్‌బోర్డు మర సన్నం. ఒకదాని చోట ఒకటి తిప్పితే గాడి పోతుంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. 2006లో ఒక గాడి పోగొట్టి నేర్చుకున్నాను. "ఆడవాళ్ళకెందుకు ఈ స్క్రూడ్రైవర్లు" అని అప్పుడు అత్తయ్యగారు అన్నారు. రాజమండ్రి నుంచి మెకానిక్ రావడానికి నాలుగు రోజులు పట్టేది, చేతిలో రెండు పెళ్ళిళ్ళుండేవి. అందుకని ఆ మాట ఎక్కువ రోజులు నిలవలేదు.

అరల్లో రెండు, అడుగున ఒకటి బిగించాను. డేటా తీగలు కొత్త బోర్డుతో రెండొచ్చాయి. మూడోది పాతదాంట్లోంచి పీకాను. పవర్ తీగ ఒకటే మూడింటికీ సరిపోయింది. పన్నెండూ ఇరవైకి స్విచ్ వేశాను. రెండో డిస్కు కనపడింది. మూడోది కనపడింది. మొదటిది కనపడలేదు.

తీగ మార్చాను. బోర్డు మీద చోటు మార్చాను. డిస్కు మీద అరచెయ్యి పెట్టాను. తిరుగుతుంటే చేతికి తెలుస్తుంది. తిరగడం లేదు. పన్నెండేళ్ళుగా పోయిందని చెబుతూ వచ్చిన డిస్కు నిజంగానే పోయిందా అనుకున్నాను. అందులో 2004 నుంచి 2012 దాకా ఉన్నాయి. స్తంభం పక్క నుంచి తొంగి చూసిన తెల్లచీర ముసలావిడ ఉంది. అమ్మ చూసినవన్నీ దాంట్లోనే ఉన్నాయి.

ఒంటిగంటన్నరకి ఆయన భోజనానికి వచ్చారు.

"ఆ పోయినవాటిని మళ్ళీ కొత్తదాంట్లో బిగిస్తున్నావేంటి? వాటితో చెక్కభజన చేయిస్తావా?"

"చూద్దామనండి."

"శవాలకి సెలైన్ పెట్టినట్టుంది. అన్నం పెట్టు."

"గిన్నెలో ఉందండి. పులుసు స్టవ్ మీదుంది. వడ్డించుకోండి."

ఆయన కాసేపు గుమ్మంలో నిలబడ్డారు. తర్వాత వంటింట్లో పళ్ళెం చప్పుడైంది.

డిస్కు బయటికి తీసి కిటికీ దగ్గర పట్టుకున్నాను. తీగ గుచ్చే నోరు ఎర్రగా ఉంది. అది కుంకుమ. ప్రతి దసరాకీ ఆయుధ పూజ రోజు కేబినెట్ తలుపు విప్పించి, దుమ్ము ఊదించి, కెమెరాలకీ, లైట్లకీ, లోపలున్న డిస్కులకీ ఆయన పసుపు కుంకుమ తడిపి బొట్లు పెడతారు. పోయినవాటికెందుకండి అని ఒక ఏడు అన్నాను. "పోయినా ఆయుధమే. పెట్టకపోతే అరిష్టం" అన్నారు. పనిచేసే డిస్కులకి తీగలుంటాయి కనక బొట్టు పక్కన పడేది. తీగ పీకిన మూడింట్లోనూ దీని నోరే తలుపు వైపు తెరుచుకుని ఉండేది. పన్నెండు దసరాల బొట్లు ఒకదాని మీద ఒకటి దాంట్లోకి దిగి గట్టిపడ్డాయి.

లెన్సులు తుడిచే స్పిరిట్ తెచ్చాను. పాత పళ్ళ బ్రష్ తెచ్చాను. గుండుసూది వాడకూడదు, నోట్లోని సన్న రేకులు గీసుకుపోతాయి. బ్రష్ తడిపి, రేకుకీ రేకుకీ మధ్య తోమి, గుడ్డ మీద అద్ది, మళ్ళీ తోమాను. గుడ్డ మొదట ఎర్రగా, తర్వాత పచ్చగా, ఆఖర్న తెల్లగా వచ్చింది. పావుగంట ఆరనిచ్చాను. రెండూ నలభైకి తీగ గుచ్చి స్విచ్ వేసి అరచెయ్యి పెట్టాను. ముందు టిక్కుమంది. మళ్ళీ టిక్కుమంది. ఆ తర్వాత తిరిగింది.

లావణ్య మూడూ అయిదుకి వచ్చింది. ఆయన ముందు గదిలోంచి లేచి వచ్చారు.

"నిన్ననే చెప్పాను కదమ్మా, లేదని. ఎండలో మళ్ళీ ఎందుకు..."

"ఉందండి" అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు. నేను లావణ్యని స్టూలు మీద కూర్చోమన్నాను.

మొదటి ముక్క వంటపాకలో. వీరవేణి గారు గరిటెతో పులుసు అరచేతిలో వేసుకుని నాలిక్కి రాసుకుని, "ఉప్పెవరేశార్రా? గోదారి దాటి సముద్రంలో పడేశారు" అంటున్నారు. పక్కనెవరో నవ్వారు. పదకొండు సెకన్లు. రెండోది పెళ్ళిపందిరి వెనక. కెమెరా పందిరి చుట్టూ తిరుగుతూ వెనక నుంచి వెళ్ళింది. జనం వీపులు. వీపుల వెనక కూల్‌డ్రింకు క్రేటు ఒకటి బోర్లించి ఉంది. దాని మీద వీరవేణి గారు మునివేళ్ళ మీద నిలబడి ఉన్నారు. ఒక చెయ్యి రాట పట్టుకుంది. ఇంకో చెయ్యి నోటికి అడ్డం ఉంది. భజంత్రీలు గట్టిమేళం అందుకున్నారు. ఆవిడ చెయ్యి తీసి, కూతురు ఉన్న వైపు రెండు అక్షింతలు విసిరారు. అవి ముందున్నాయన బట్టతల మీద పడ్డాయి. ఆయన తడుముకుని వెనక్కి తిరిగేసరికి ఆవిడ క్రేటు దిగి పక్కకి జరిగారు. ముప్ఫై ఆరు సెకన్లు.

లావణ్య నాలుగుసార్లు వేయించుకుంది. ఏడవలేదు. మూడోసారి మధ్యలో, "క్రేటెక్కిందండీ" అంది. నాలుగోసారి అయ్యాక, "మాటల్లో ఉప్పు మాట ఉంచండక్కా. పాట వెయ్యొద్దు" అంది. పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాను. పర్సులో పెట్టుకుని, మళ్ళీ తీసి, రుమాల్లో చుట్టి, జాకెట్‌లో పెట్టుకుంది.

ఆమె మెట్లు దిగాక ఆయన తెర దగ్గరికి వచ్చారు.

"పోయాయన్నావు."

"అన్నానండి."

"మూడూనా?"

"మూడూ."

"ఇన్నేళ్ళూ నాతో అబద్ధం చెప్పావు."

"చెప్పానండి. నిజం చెబితే చెరిపెయ్యమనేవారు."

ఆయన మౌస్ మీద చెయ్యి వేశారు. అది ఎడమవైపుంది. తీసి కుడివైపు పెట్టుకోబోయి ఆగారు. తెర మీద మూడు డిస్కులూ వరసగా ఉన్నాయి. కింద ఎరువుల కొట్టులో బస్తాలు దించుతున్నారు. నాట్లు మొదలయ్యాయి.

"బుజ్జి పెళ్ళిదుందా?" అన్నారు.

బుజ్జి మా ఆడపడుచు. పెళ్ళి 2017లో అయింది. అప్పటికి మామయ్యగారు పోయి ఏడాది. పసుపు దంచేచోట, గాజుల దగ్గర, ముహూర్తం దగ్గర అత్తయ్యగారు ఎక్కడెక్కడ పడ్డారో ఆయనే కాగితం మీద రాసిచ్చి తీసెయ్యమన్నారు. మిక్సింగ్ అయ్యాక అత్తయ్యగారు నా గదిలోకి వచ్చి మూడు గంటలూ చూశారు. అయిపోయాక, "బాగా చేశావమ్మా" అని లేచి వెళ్ళారు. ఆవిడ ఆ మాట నాతో అనడం అదొక్కసారే. 2021లో పోయారు.

"ఉంది. అత్తయ్యగారివి పద్నాలుగు ముక్కలు."

లేచి కుర్చీ ఇచ్చాను. మూడో డిస్కు తెరిచి, ఫోల్డరు చూపించి పక్కకి తప్పుకున్నాను. ఆయన కూర్చున్నారు. అయిదో ముక్కలో అత్తయ్యగారు విడిది గది కిటికీ చువ్వలు పట్టుకుని పందిరి వైపు చూస్తూ, పక్కన ఎవరూ లేకపోయినా, "పిల్ల వంగి కూర్చుంది, నిటారుగా కూర్చోమనండే" అంటారు. ఆయన దాన్ని ఆపి, వెనక్కి వేసి, మళ్ళీ విన్నారు. కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నారు. నేను స్టూలు మీద కూర్చున్నాను.

నాలుగూ పదికి ఎక్స్ఛేంజి షాపువాళ్ళు వచ్చి పాత కేబినెట్ పట్టుకెళ్ళారు. ఆయన లేవలేదు. నేనే సంతకం పెట్టాను.

తిరిగొచ్చేసరికి పద్నాలుగో ముక్క అయిపోయింది. ఆయన తెర వైపే చూస్తూ అడిగారు.

"మీ అమ్మగారివి?"

"లేవండి."

"మన పెళ్ళిలో పడే ఉంటారు కదా. వెతికావా?"

"మన పెళ్ళి మిక్సింగ్ మీరు చేశారండి."

అల్మారా అడుగు అరలో మా పెళ్ళి ముడి టేపు ఉంది. దాని లేబుల్ మీద 'ప్రసాద్ – తులసి' అని రాసి, కొట్టేసి, కింద 'ఆలమూరు పార్టీ' అని ఉంది. పక్కన, ఆ టేపు మీదే మళ్ళీ తీసిన తేదీ వేసి ఉంది. అది మా పెళ్ళయిన తొమ్మిదో రోజు. చేతిరాత ఆయనది.